మంగళవారం తెగని కాగితం

1974. లింగంపల్లి రైల్వే స్టేషనుకు కొంచెం దూరంలో, గుండ్రాళ్ల గుట్టల నడుమ ఉన్న ఒక పెద్ద ఎలక్ట్రికల్ ఫ్యాక్టరీలో నేను డ్రైవ్స్ విభాగం ఇంజనీరుని. ఇవాళ అద్దాల భవనాలున్న ఆ చుట్టుపక్కల అప్పుడు ద్రాక్షతోటలు, తుమ్మచెట్లు, మేకల మందలు ఉండేవి. కొండాపూర్ నుంచి సైకిల్ మీద డ్యూటీకి వచ్చేవాళ్లకు దారిలో ఒక్క మోటారు బండి కూడా ఎదురయ్యేది కాదు.

డ్రైవ్ అంటే ఏమిటని చాలామంది అడుగుతారు. మోటారు ఒక్కటే డ్రైవ్ కాదు. మోటారు, దానికి కరెంటును కొలిచి అందించే కన్వర్టర్, వేగం తగ్గిందా పెరిగిందా అని క్షణక్షణం చూసి కన్వర్టర్‌ని హెచ్చరించే రెగ్యులేటర్, ఈ మూడూ కలిస్తే డ్రైవ్. కన్వర్టర్‌లో థైరిస్టర్లనే చిన్న పరికరాలుంటాయి. అవి కరెంటుకు తలుపుల లాంటివి. ఎప్పుడు తెరవాలో చెబితే అప్పుడు తెరుచుకుంటాయి. మన దేశంలో అప్పటికి అవి కొత్త.

నా అసలు పని మోడలింగ్. యంత్రాన్ని ఇనుముతో కట్టకముందే సమీకరణాలతో కట్టి, నడిపి చూడడం. అందుకు మా దగ్గర అనలాగ్ కంప్యూటర్ ఉండేది. బీరువా అంత పెట్టె. దాని ముందు వందల రంధ్రాల పలక. రంగురంగుల తీగలతో ఆ రంధ్రాలను కలుపుతూ పోతే లోపలి ఆంప్లిఫయర్లు మన సమీకరణాన్ని నడిపిస్తాయి. ఒక చోట వోల్టేజీ అంటే మోటారు వేగం, ఇంకో చోట వోల్టేజీ అంటే కరెంటు. పక్కనే ఒక పెన్ను కాగితపు చుట్ట మీద ఆ పెరుగుదలలూ తరుగుదలలూ గీస్తూ ఉంటుంది. మా పెట్టెలో ఇరవై ఆంప్లిఫయర్లు ఉండేవి. ఒక డ్రైవ్‌కి పన్నెండు కావాలి. అంటే ఒకసారి ఒక్క డ్రైవ్‌ని మాత్రమే అందులో పెట్టగలం. ఈ లెక్క పాఠకులు గుర్తుంచుకోవాలి. ఒక మనిషి బతుకు దాదాపు ఈ లెక్కలోనే చిక్కుకుంది.

శేరిలింగంపల్లి దగ్గర ఒక పాత కాగితపు మిల్లు ఉండేది. అందులో కాగితం యంత్రమంతా ఒకే పెద్ద మోటారుతో, ఒకే పొడవాటి షాఫ్టుతో, బెల్టులతో నడిచేది. దాన్ని తీసేసి అయిదు భాగాలకు అయిదు మోటార్లు, అయిదు కన్వర్టర్లు పెట్టే పని మాకు వచ్చింది. తడి గుజ్జును పలుచగా పరిచే భాగం, నీళ్లు పిండే ప్రెస్, లోపల ఆవిరి నిండిన ఇనుప డోళ్ల మీద కాగితాన్ని ఆరబెట్టే డ్రైయర్, నునుపు చేసే కేలెండర్, చివర చుట్ట చుట్టే రీల్. మూడు నెలలు నేను ఆ మిల్లులోనే తిన్నాను, ఆ మిల్లులోనే తిరిగాను.

ఆ యంత్రాన్ని నడిపే ఆపరేటరు సాయన్న. యాభై దాటిన మనిషి. పాత షాఫ్టు కాలం నుంచి అక్కడే ఉన్నాడు. తడి కాగితం అంచును రెండు వేళ్లతో పట్టుకుని ఒక రోలు మీది నుంచి ఇంకో రోలు మీదికి అందించేవాడు, పసిబిడ్డను ఒడి మార్చినట్టు. నాకు పని నేర్పింది ఆయనే. నేను సమీకరణాలు చెబితే నవ్వి, "మీ లెక్క మీదే సారు, గని కాగితానికి చెయ్యి దెలుస్తది" అనేవాడు.

యంత్రాన్ని మొదటిసారి నడిపే రోజున మిల్లు మేనేజరు మూర్తి గారు పళ్లెంలో కొబ్బరికాయ, పసుపు, కుంకుమ తెప్పించారు. నేను వద్దన్నాను. ఆదివారాలు నగరంలో హేతువాద సభలకు వెళ్లి మాట్లాడేవాణ్ణి. వారమంతా ఒక మాట, ఆదివారం ఇంకో మాట అంటే నాకు సరిపడేది కాదు.

"ఆనవాయితీ అండీ రావు గారూ. కొడితే పోయేదేముంది?" అన్నారు మూర్తి గారు.

"కొట్టకపోతే పోయేదేముందండీ?" అని మొదలుపెట్టి పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. థైరిస్టర్‌కి కుంకుమతో పని లేదన్నాను. మోటారు తిరిగేది విద్యుత్తుతో గానీ భక్తితో కాదన్నాను. మూర్తి గారు పళ్లెం పక్కన పెట్టించారు. కానీ బటన్ నొక్కడానికి ఎవరూ ముందుకు రాలేదు. నేనే నొక్కవచ్చు. కానీ యంత్రాన్ని ఆపరేటరే మొదలుపెట్టాలన్నది మా వృత్తిలో మర్యాద. రీల్ దగ్గర పనిచేసే కొమురయ్య తల అటు తిప్పుకున్నాడు. అందరూ నేల చూస్తున్నారు.

సాయన్న చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "మూడు నెలల సంది ఈడనే పడున్నరు. బిడ్డను కన్నట్టు కన్నరు. కన్నోళ్లే వద్దన్నంక మనమెవలం? నేనొత్తుత" అని నొక్కాడు.

ఆయన హేతువాది కాదు. మెడలో మైసమ్మ తాయెత్తు ఉంది. నా ఉపన్యాసం నచ్చి నొక్కలేదు, నా ముఖం చూసి నొక్కాడు. ఆ తేడా నాకు ఆ రోజు తెలియలేదు. నా వాదం గెలిచిందనుకున్నాను.

ఖాళీ యంత్రం చక్కగా తిరిగింది. తరువాతి వారం కాగితం ఎక్కించారు. అప్పటి నుంచి తెగడం మొదలైంది.

ఆ రోజుల్లో కరెంటు కోతల వల్ల మిల్లు పగటి షిఫ్టు ఒక్కటే నడిచేది. పొద్దున యంత్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ కాగితాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి అందించి, తరువాత స్పీడు పెంచుతారు. అలా పెంచేటప్పుడే డ్రైయర్‌కీ కేలెండర్‌కీ మధ్య కాగితం టప్పున తెగేది. మళ్లీ యంత్రాన్ని తగ్గించి, చెత్త లాగేసి, మళ్లీ అందించాలి. పోయిన సమయాన్ని రాబట్టుకోవాలన్న తొందరలో మళ్లీ పెంచితే మళ్లీ తెగేది. కొన్ని రోజులు మధ్యాహ్నం దాకా ఒక్క మంచి చుట్ట కూడా వచ్చేది కాదు.

మనుషులు కారణం వెతుక్కుంటారు. వాళ్లకు దొరికిన కారణం సాయన్న చెయ్యి. కొబ్బరికాయ లేకుండా బటన్ నొక్కిన చెయ్యి. "ఆ చెయ్యి వడ్డకాడల్లా తెగుతది" అన్నారు. అన్నం దగ్గర ఆయన పక్కన కూర్చోవడం మానేశారు. కొమురయ్య ప్రతి మంగళవారం పొద్దున యంత్రానికి పూజ మొదలుపెట్టాడు. సాయన్న చేసిన అపచారానికి అది పరిహారమట.

మూర్తి గారు మా ఫ్యాక్టరీకి ఉత్తరం రాశారు. లోపం కనిపెట్టమని ఫ్యాక్టరీ వాళ్లు నన్నే పంపారు.

మూడు వారాలు పనిచేశాను. మిల్లులో నాలుగు భాగాలను ఆపి, అయిదోదాన్ని నడిపి కొలిచాను. అలా అయిదింటినీ కొలిచాను. ల్యాబ్‌కి వచ్చి అనలాగ్ కంప్యూటర్‌లో ఒక్కొక్క డ్రైవ్‌నే పెట్టి నడిపాను. మోడల్ గీసిన గీత, మిల్లులో కొలిచిన గీత ఒకదాని మీద ఒకటి పెడితే కలిసిపోయాయి. నాకు ఎంత గర్వం కలిగిందో చెప్పలేను. ఏ డ్రైవ్‌లోనూ లోపం లేదు.

పనివాళ్లతో కూడా మాట్లాడాను. సాయన్న చెప్పిన మాటలు నోటుబుక్కులో రాసుకున్నాను. అందులో ఒకటి: "మంగళారం తెగదు సారు."

"ఆ మాట నాకు చెప్పకు సాయన్నా" అన్నాను.

"చెప్పమంటేనే చెప్పిన గద."

"చూసింది చెప్పమన్నాను. నమ్మింది కాదు."

ఆ వాక్యాన్ని నేను కొట్టేశాను. సాక్ష్యంలోంచి మూఢనమ్మకాన్ని ఏరి పారేయడం నా బాధ్యత అనుకున్నాను.

తరువాత రిపోర్టు రాశాను. ఇంగ్లీషులో, టైపు చేయించి. సారాంశం రెండు ముక్కలు: డ్రైవ్‌లలో లోపం కనబడలేదు, స్పీడు పెంచడంలో ఆపరేటరు అశ్రద్ధ కారణమై ఉండవచ్చు. ఆ రెండో ముక్క ఎందుకు రాశానో ఈనాటికీ నన్ను నేను అడుగుతుంటాను. ఎవరూ రాయమనలేదు. కాగితం తెగుతోంది, యంత్రం మంచిది, కాబట్టి మిగిలింది మనిషి. తర్కం అలా నడిచింది. ఆ మనిషి ఎవరో నాకు తెలుసు. అయినా రాశాను. న్యాయం ముందు స్నేహమేమిటని కూడా అనుకున్నాను.

వారం తరువాత సాయన్న మా ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చాడు. సైకిల్ గోడకు ఆనించి నిలబడ్డాడు. చొక్కా ఉతికి వేసుకున్నాడు. నేను వెళ్లి లోపలికి తీసుకొచ్చాను.

"వచ్చే సోమారం సంది నన్ను చిత్తుకాగితాల యార్డుకు ఏస్తుండ్రు సారు" అన్నాడు. "గడ్డపారతోని కట్టలిప్పే పని. ఆపరేటరు అని ఉన్న బిళ్ల గుంజుకుంటరట."

నేను కుర్చీ చూపించాను, ఆయన కూర్చోలేదు.

"మీరు రాసిండ్రని మూర్తి సారు చెప్పిండు. మీరు రాసిండ్రంటే ఏందో చూసే రాసి ఉంటరు. నేనేం తప్పు జేసిన్నో అడిగి పోదామని వచ్చిన. యార్డులకు పోయినంకనన్న తెలిసుండాలె గద."

కొట్లాటకు వచ్చి ఉంటే నాకు సులువయ్యేది. వాదాలకు జవాబివ్వడం నాకు వచ్చు. ల్యాబ్ చూపిస్తానని లేచాను. మా ల్యాబ్ చూసుకునే రహీం గారు సాయన్నకు కుర్చీ వేసి చాయ్ తెప్పించారు. నేను ఆ పలక, ఆ తీగలు చూపించి, అందులో ఆయన యంత్రం ఎలా ఉందో చెప్పాను. ఇది డ్రైయర్ మోటారు, ఇది దాని బరువు, ఇది దానికి వచ్చే కరెంటు.

సాయన్న చాలాసేపు చూశాడు. "మంచిగున్నది. నేనేడున్న సారు?"

"ఎక్కడ?"

"గీ పెట్టెల. డ్రైయర్ ఉన్నదంటిరి, కరెంటు ఉన్నదంటిరి. నన్ను ఏడ వెట్టిండ్రు?"

స్పీడు పెంచే చిన్న మర ఒకటి చూపించాను. "ఇదే నువ్వు. దీన్ని నేను తిప్పుతాను."

ఆయన దాన్ని వేలితో ముట్టుకుని చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నా చెయ్యి మంచిది కాదంటుండ్రు. ఒక్కటి అడుగుత, కోపానికి రావద్దు. మంగళారం గూడ నా చెయ్యే గద సారు? పూజ కొమురయ్య చేస్తడు, స్పీడు నేనే పెంచుత. నా చెయ్యే చెడ్డదైతే మంగళారం మంచిదెట్లయితది? నా చేతుల అశ్రద్ధ ఉంటే మంగళారం ఏడికి వోతది?"

రహీం గారు చాయ్ కప్పు కింద పెట్టారు.

ఇరవై ఏళ్లుగా సభల్లో నేను చెబుతున్న తర్కం అదే. ఒకే కారణమైతే ఒకే ఫలితం రావాలి. ఫలితం మారిందంటే కారణంలో ఏదో మారింది. తాయెత్తు కట్టుకున్న మనిషి ఆ తర్కాన్ని నాకంటే శుభ్రంగా వాడాడు. కొబ్బరికాయ ఊసు వినబడగానే నేను చెవులు మూసుకున్నాను.

"ఆదివారం లోపల నీకు జవాబు చెప్తాను" అన్నాను. ఆ రోజు సోమవారం.

మరునాడు పొద్దున్నే మిల్లుకు వెళ్లి లాగ్ బుక్ తీశాను. కాగితం తెగిన ప్రతిసారీ అందులో రాస్తారు. మూడు వారాలు ఆ పుస్తకం నా బల్ల మీదే ఉంది. ఏ భాగం దగ్గర తెగిందో చూశాను గానీ సోమవారమా, మంగళవారమా అని చూడలేదు. ఇప్పుడు వేలు పెట్టి చూసుకుంటూ పోయాను. మంగళవారాల్లో తెగినట్టు రాత దాదాపు లేదు. ముందు నాకు కోపమే వచ్చింది. ఎవరో దిద్దారనుకున్నాను. దిద్దుబాట్లు లేవు. రాత సాయన్నదీ కాదు, మూర్తి గారి గుమాస్తాది.

అది మంగళవారమే కాబట్టి వెళ్లి నిలబడ్డాను. కొమురయ్య నన్ను చూసి, "ఏంది సారు, పూజకొచ్చిండ్రా? మంచిదే, ఇగ వాన గూడ పడతది" అన్నాడు. అందరూ నవ్వారు. సాయన్న నవ్వలేదు.

కొబ్బరికాయ కొట్టారు. కాగితం అందించారు. కొమురయ్య హారతి పళ్లెం పట్టుకుని మొదటి భాగం దగ్గర నిలబడ్డాడు. సాయన్న స్పీడు మర కొంచెం తిప్పి, ఆపాడు. హారతి తిరిగింది. కొమురయ్య ప్రెస్ దగ్గరికి నడిచాడు. సాయన్న ఇంకొంచెం తిప్పి, ఆపాడు. అలా అయిదు భాగాల దగ్గరా అయిదుసార్లు తిప్పాడు, అయిదుసార్లు ఆపాడు. నేను డ్రైయర్ పానెల్ మీద కరెంటు కొలిచే ఆమ్మీటర్ చూస్తున్నాను. తిప్పినప్పుడల్లా ముల్లు చివరి గీత దాకా ఎగిరి, ఆగినప్పుడల్లా ఊపిరి పీల్చుకున్నట్టు కిందికి దిగుతోంది. కాగితం తెగలేదు.

"ఎందుకు ఆగావు సాయన్నా?" అని అడిగాను.

ఆయన ముఖం వాడిపోయింది. "తప్పే సారు. స్పీడు ఒక్క ఊపుల పెంచాలె, నడుమ ఆగొద్దని మీరు రాసిన కాగితంల ఉన్నది. నాకు చదివి వినిపిచ్చిండ్రు. అయిదు దినాలు మీరు రాసినట్టే చేస్తున్న. గీ మంగళారం ఒక్కనాడు, హారతి నడుస్తుంటే మిషన్ ఉరుకొద్దని ఆగుతున్న. మీ మాట తప్పిన. అందుకే చెప్పనీకి భయమయ్యింది."

ఆ సూచనల కాగితం నేనే రాశాను. "స్పీడు పెంచునప్పుడు మధ్యలో ఆగరాదు." ఒక్కొక్క డ్రైవ్‌ని విడిగా మోడల్ చేసి, ఒక్క ఊపులో పెంచినా చాలునని తేల్చి, సమయం కలిసొస్తుందని రాశాను. ఆ మనిషి నా మాట అక్షరాలా పాటించిన రోజుల్లో కాగితం తెగింది. దానికి నేను పెట్టిన పేరు అశ్రద్ధ.

బుధవారం ఉండిపోయాను. అదే చెయ్యి, నా సూచన ప్రకారం, ఒక్క ఊపులో పెంచింది. డ్రైయర్ ఆమ్మీటర్ ముల్లు చివరి గీతకు అతుక్కుని కదలలేదు. సరఫరా వోల్ట్‌మీటర్ కిందికి జారింది. డ్రైయర్ తరువాతి కాగితం డప్పు తోలులా బిగిసి, తెగింది.

ల్యాబ్‌కి వచ్చి రహీం గారికి ఇదంతా చెప్పాను. ఆయన నాకంటే పెద్దవారు, చదువులో తక్కువ, ఆ పెట్టె గురించి మాత్రం ఆయనకు తెలియనిది లేదు. అంతా విని అన్నారు: "రావ్ సాబ్, బస్తీలో ఒక్కొక్కళ్లను పిలిచి అడిగి బయాన్ రాసుకుంటే అందరూ షరీఫులే, మంచోళ్లే. కొట్లాట ఎప్పుడైతది? అందరూ బిందెలు పట్టుకొని ఒక్క నల్లా కాడికి వస్తే. మీరు అయిదుగురికి అయిదు నల్లాలు ఇచ్చి అడిగిండ్రు."

నిజంగానే అలా చేశాను. విడివిడి మోడల్‌లో ప్రతి కన్వర్టర్‌కీ ఎంత లాగినా తగ్గని వోల్టేజీ ఇచ్చాను. మిల్లులో కొలిచినప్పుడు కూడా మిగతా నాలుగింటినీ ఆపేశాను. అసలు యంత్రంలో అయిదు కన్వర్టర్లకూ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే. అయిదూ ఒకేసారి కరెంటు లాగితే వోల్టేజీ కుంగుతుంది. తేలిక భాగాలకు పరవాలేదు. డ్రైయర్ ఇనుప డోళ్లు బండబరువు. దాని మోటారు అప్పటికే తన శక్తి హద్దులో ఉంది. వోల్టేజీ కుంగగానే వెనకబడుతుంది. ముందున్న కేలెండర్‌కి ఆ సంగతి తెలియదు. అది తన దారిన వేగం పెంచుకుంటూ పోతుంది. మధ్యలో కాగితం. పాత రోజుల్లో ఒకే షాఫ్టు అన్నిటినీ కట్టిపడేసేది కాబట్టి, ఒకటి వెనకబడితే అన్నీ వెనకబడేవి. మేము షాఫ్టు తీసేసి, దాని స్థానంలో తడి ఆరీ ఆరని కాగితాన్ని పెట్టాం.

నమ్మకంగా చెప్పాలంటే అన్నిటినీ కలిపి మోడల్ చేయాలి. ఇరవై ఆంప్లిఫయర్లు చాలవు. రహీం గారు పక్క విభాగంలో మూలన పడున్న పాత పెట్టెను బతిమాలి తెచ్చారు. తేలికైన మూడు భాగాలను కలిపి ఒకటిగా చేశాం. డ్రైయర్ ఒకటి, కేలెండర్ ఒకటి. అన్నిటికీ ఉమ్మడి నల్లా ఒకటి. కాగితం బిగువుకు ఒక ఆంప్లిఫయర్. తీగలతో పలక గడ్డివాములా తయారైంది. శనివారం మధ్యాహ్నానికి నడిచింది.

మర ఒక్క ఊపులో తిప్పాను. పెన్ను డ్రైయర్ గీతను వంచింది. కాగితం బిగువు గీత నిట్టనిలువుగా లేచి, తెగే హద్దు దాటిపోయింది. తరువాత సాయన్న తిప్పినట్టు తిప్పాను, అయిదు అంచెల్లో. బిగువు గీత అయిదు చిన్న అలలు వేసి సర్దుకుంది.

"కొబ్బరికాయ ఏ ఆంప్లిఫయర్‌లో పెట్టిండ్రు సాబ్?" అన్నారు రహీం గారు. ఇద్దరం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం. నా నీళ్లు నవ్వు వల్ల వచ్చినవి మాత్రమే కావు.

ఆదివారం సభకు వెళ్లలేదు. కొండాపూర్‌లో సాయన్న ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూర్చోబెట్టి, ఆయన భార్య జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. నేను తినకముందే చెప్పాలనుకుని, మొత్తం చెప్పాను. తప్పు నీది కాదు, నాది అన్నాను. మూర్తి గారికి కొత్త రిపోర్టు ఇస్తాననీ, రేపు యార్డుకు వెళ్లక్కర్లేదనీ అన్నాను.

ఆయన భార్య లోపలి నుంచి అంది: "వారం సంది మనిషికి కంటి మీద కునుకు లేదు సారు. మీ మీద ఒక్క మాట అననియ్యలే."

సాయన్న రొట్టె తుంపాడు. "రిపోర్టు ఇంగ్లీషుల రాస్తరా సారు?"

"అవును."

"మూర్తి సారు చదువుతడు, బీరువల వెడతడు. కొమురయ్యకెట్ల తెలుస్తది? నా చెయ్యి చెడ్డదన్నది నోటి మాట. అది కాగితంతోని పోదు. మీరు జర మిషన్ కాడ, అందరు ఉన్నప్పుడు, తెలుగుల చెప్పుండ్రి. గంతే. ఇంకేం వద్దు."

వేల మంది ముందు మాట్లాడినవాణ్ణి. పదిహేను మంది ముందు చెప్పాల్సిన ఆ నాలుగు మాటలు ఆ రాత్రి మూడుసార్లు కాగితం మీద రాసుకున్నాను.

సోమవారం పొద్దున ముందు మూర్తి గారి గదికి వెళ్లాను. ఆయన కొత్త రిపోర్టు చదివి తల పట్టుకున్నారు. "బాగానే ఉందండీ. కానీ 'మొదటి రిపోర్టు తప్పు' అని రాయడం దేనికండీ? 'కొత్త అంశాలు వెలుగులోకి వచ్చినవి' అని రాస్తే మీ మర్యాదా దక్కుతుంది, మా మర్యాదా దక్కుతుంది."

"సాయన్న మర్యాద దక్కదండీ" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, ఆ వాక్యం కింద సంతకం పెట్టారు. నాతో పాటు యంత్రం దగ్గరికి వచ్చి నిలబడ్డారు కూడా. అది ఆయన గొప్పతనం.

అందరూ వచ్చారు. చెప్పాను. "నేను రాసిన మొదటి రిపోర్టు తప్పు. సాయన్న చేతిలో తప్పు లేదు. స్పీడు ఒక్క ఊపులో పెంచమని నేను రాసిన సూచనలో ఉంది. అయిదు మోటార్లు ఒక్కసారిగా లాగితే డ్రైయర్ వెనకబడుతుంది. అది నేను చూడలేదు. సాయన్న చెప్పబోతే వినలేదు."

కొమురయ్య, "అంటే సారు, సాయన్న మీ మాట విన్నందుకే తెగిందా?" అన్నాడు.

"అవును."

"వినని దినాన తెగలే?"

"తెగలేదు."

నవ్వు మొదలైంది. నేనూ నవ్వాను. సాయన్న నవ్వలేదు, తల వంచుకుని బొటనవేలితో తాయెత్తు రుద్దుతున్నాడు. ఆయన కళ్లు చూసి కొమురయ్య నవ్వు ఆపేశాడు. దగ్గరికి వచ్చి ఆయన కుడిచెయ్యి తీసుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు.

కొంచెం సేపటికి సాయన్న చెయ్యి విడిపించుకుని, "ఇగ చాలు గని, డోళ్లు సల్లవడుతున్నయ్" అని స్పీడు మర దగ్గరికి వెళ్లిపోయాడు. హారతి లేదు, అది సోమవారం. అయిదుసార్లు తిప్పాడు, అయిదుసార్లు ఆగాడు. మధ్యాహ్నం అన్నం వేళ దాకా కాగితం తెగలేదు.

తరువాత మేము ఒక చిన్న సర్క్యూట్ కలిపాం. డ్రైయర్ తన హద్దుకు చేరగానే మిగతా నాలుగూ దాని కోసం ఆగుతాయి. చెయ్యి అదిరినా, తొందరపడినా కాగితానికి ప్రమాదం లేదు. కొమురయ్య మాత్రం, మైసమ్మ తల్లికి కావలసింది ఆగడమేనని, అది ఎవరు ఆగినా ఒకటేనని అనేవాడు. ఆయనతో నేను వాదించాను. గుర్తున్నంత వరకు ఎనిమిదేళ్లు వాదించాను. ఎవరూ గెలవలేదు. ఇది చదివి కొబ్బరికాయ గెలిచిందని చెప్పుకునే మిత్రులకు కూడా అదే జవాబు: కొబ్బరికాయ లేని సోమవారం కూడా కాగితం తెగలేదు.

కానీ ఆ కేసు నాకు నేర్పింది కొబ్బరికాయ గురించి కాదు. వృత్తిలో నేర్చుకున్నది సులువుగా చెప్పవచ్చు. కొన్ని యంత్రాలు, కొన్ని కన్వర్టర్లు కలిసి పనిచేసే చోట ఒక్కొక్కదాన్ని విడదీసి పరీక్షిస్తే ఏదీ దొరకదు. తప్పు వాటి మధ్య ఉంటుంది. రెండోది నేర్చుకోవడానికి ఎక్కువ కాలం పట్టింది. అన్ని భాగాలూ నిర్దోషులని తేలగానే, మిగిలిన తప్పును అందరికంటే కింద నిలబడ్డ మనిషి నెత్తిన పెట్టేశాను. అలా పెట్టమని ఏ సమీకరణమూ చెప్పలేదు. కారణం తెలియనప్పుడు సాయన్న చేతిని తప్పుపట్టిన కొమురయ్యకూ, అశ్రద్ధ అని రాసిన నాకూ తేడా లేదు. ఉన్నా అది నాకు అనుకూలమైన తేడా కాదు. కొమురయ్య మాట మిల్లు గోడ దాటదు. నా మాట కింద సంతకం ఉంది.